ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్: నెల్లూరు, ప్రకాశం కుర్రాళ్లు స్టైపెండ్ కంటే ముందు అడగాల్సింది

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కుర్రాళ్లు కరెంటు పనిలోకి రెండు దారుల్లో వస్తున్నారు. పదో తరగతి తప్పో, పాసైనా చదువు ఆపేసో, ఊళ్లో కరెంటు మేస్త్రీ వెనక హెల్పరుగా చేరడం ఒక దారి. మొదటి ఏడాదంతా గోడలకు గాడులు కొట్టడం, స్లాబు పోసే ముందు పైపులు పరచడం, మేస్త్రీ నిచ్చెన మీద ఉంటే కింద నుంచి కటింగ్ ప్లేయర్ అందించడం. రెండో ఏడాదికి పైపుల్లో వైర్లు లాగనిస్తారు. బోర్డు బిగించే పని చేతికొచ్చేసరికి మూడేళ్లవుతుంది. రెండో దారి ఐటీఐ. పది పాసై, ఎలక్ట్రీషియన్ ట్రేడులో రెండేళ్లు చదివి, సర్టిఫికెట్ తీసుకుని బయటికి రావడం.

మేస్త్రీ దగ్గర పెరిగినవాడికి చెయ్యి తిరుగుతుంది. కానీ ఈ మోటారుకు ఇంత మందం కేబుల్ ఎందుకని అడిగితే, ‘మా మేస్త్రీ ఇదే వేస్తాడు’ అంటాడు. ఐటీఐ చదివినవాడు ఓమ్ సూత్రం తడుముకోకుండా చెబుతాడు. నడుస్తున్న ప్యానల్ ముందు నిలబెడితే మాత్రం తలుపు తీయడానికి జంకుతాడు. అందులో వాడి తప్పేమీ లేదు. రెండేళ్లలో వాడు తాకిన బోర్డుల్లో చాలావరకు కరెంటు లేని ప్రాక్టికల్ బోర్డులే.

ఈ రెండు రకాల లోటునూ ఒకేచోట తీర్చే ఏర్పాటు దేశంలో ఎప్పటి నుంచో ఉంది. 1961లో వచ్చిన అప్రెంటిసెస్ చట్టం ప్రకారం ఒక సంస్థ కుర్రాడిని ఒప్పందం రాసుకుని చేర్చుకుంటుంది, నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది, అసలు యంత్రాల మీద పని నేర్పిస్తుంది. కాలం పూర్తయ్యాక పరీక్ష పెట్టి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. ఎలక్ట్రీషియన్ ఐటీఐ పాసైన వాళ్లకు ఇది ఒక ఏడాది. ఐటీఐ లేకుండా నేరుగా చేరే వీలూ ఉంది. వాళ్లకు మొదట బేసిక్ ట్రైనింగ్ ఇస్తారు, మొత్తం కాలం ఎక్కువ పడుతుంది.

ఇంత మంచి అవకాశం గురించి ఐటీఐ ఆవరణల్లో వినబడే ప్రశ్న ఎక్కువగా ఒక్కటే: నెలకెంత ఇస్తారు? ఇంటి పరిస్థితి అలా అడిగిస్తుంది, కాదనలేం. అయితే ఆ ఏడాది విలువ స్టైపెండ్‌లో లేదు. ఎవరి పక్కన నిలబడతాం, ఏ యంత్రం విప్పనిస్తారు, తప్పు చేస్తే ఆపేవాడు పక్కన ఉంటాడా అన్నవాటిలో ఉంది. ముందు అడగాల్సినవి ఇవే.

డబ్బు లెక్క

అయినా డబ్బు సంగతి తేల్చుకోవాల్సిందే. 2019 సెప్టెంబరులో సవరించిన నిబంధనలు కనీస స్టైపెండ్‌ను చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయల మధ్య పెట్టాయి. ఐటీఐ పాసైన వాళ్లకు కనీసం 7,000. ఆ నిబంధనల మీద వచ్చిన చాలా ప్రభుత్వ రంగ సంస్థల ప్రకటనల్లో, ఏడాది ఐటీఐ చేసినవాళ్లకు 7,700, రెండేళ్ల ఐటీఐ వాళ్లకు 8,050 అన్న అంకెలు కనబడతాయి. స్టైపెండ్‌ను 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 మధ్య ఉంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫారసు చేసింది. చేరే రోజున ఒప్పందంలో ఏ అంకె రాశారో అదే చెల్లుతుంది కాబట్టి, సంతకానికి ముందు ఆ గడి చూసుకోవాలి.

ఇందులో ఒక చిక్కు చాలామందిని కలవరపెడుతోంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. 2023 ఆగస్టు నుంచి ఆ వాటా కంపెనీకి కాకుండా నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడుతోంది. అంటే డబ్బు రెండు ముక్కలుగా వస్తుంది. కంపెనీ ముక్క ఒక రోజున, ప్రభుత్వం ముక్క మరో రోజున. మొదటి నెల ఖాతా చూసుకుని కంపెనీ కోత పెట్టిందని గొడవపడే వాళ్లున్నారు. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మార్కుల మెమోలో ఇంకోలా ఉంటే, లేదా ఖాతాకు ఆధార్ జత కాకపోతే, ప్రభుత్వ వాటా ఆగిపోతుంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలు. ఐటీఐలో ఉండగానే దాన్ని సరిచేయించుకున్నవాడికి ఆ టెన్షన్ ఉండదు.

మేస్త్రీ దగ్గర రోజుకూలీతో పోలిస్తే స్టైపెండ్ తక్కువే. దీన్ని దాచి చెప్పడం కుర్రాళ్లకు చేసే మేలు కాదు. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో వచ్చి, పోర్టు, థర్మల్ ప్లాంట్లున్న ముత్తుకూరు దగ్గర గది తీసుకుంటే, అద్దెకు, మెస్సుకు, బస్సు చార్జీలకు పోగా ఇంటికి పంపడానికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ఈ నిర్ణయం కుర్రాడు ఒక్కడు తీసుకునేది కాదు. ఏడాది పాటు వాడి సంపాదన లేకపోయినా ఇల్లు నడుస్తుందా అన్నది అమ్మానాన్నలతో కూర్చుని లెక్క వేసుకోవాలి. నడవకపోతే, ఇంటి నుంచి వెళ్లి రాగలిగే దూరంలో ఉన్న సంస్థను వెతుక్కోవడమే మేలు. దాని పేరు చిన్నదైనా పరవాలేదు.

ఆ ఏడాదిలో నేర్చుకునేది

ఇక అసలు విషయం. ఎలక్ట్రీషియన్ అనే ఒక్క మాట కింద ఈ రెండు జిల్లాల్లో నాలుగైదు రకాల పనులున్నాయి. ఒకదానికి వాడే బుర్ర ఇంకోదానికి చాలదు.

చీమకుర్తి గ్రానైట్‌ను తీసుకోండి. నల్ల రాయిలో మెరుపు చుక్కలుండే ఆ గెలాక్సీ రాయికి ప్రపంచమంతా గిరాకీ. క్వారీలో రాయిని కోసే వైర్‌సా యంత్రాలకు, ఫ్యాక్టరీల్లో పలకలు కోసే, పాలిష్ పట్టే యంత్రాలకు పెద్ద మోటార్లుంటాయి. పెద్ద మోటారును నేరుగా లైనుకు కలిపితే, మొదటి క్షణాల్లో అది మామూలుగా తీసుకునే కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. అందుకే మోటారు వైండింగ్‌ను, అంటే లోపలి తీగ చుట్టలను, స్టార్, డెల్టా అని రెండు రకాలుగా కలిపే స్టార్-డెల్టా స్టార్టర్ పెడతారు. ముందు స్టార్‌లో తిరిగితే లైను నుంచి లాగే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, వేగం పుంజుకున్నాక డెల్టాకు మారుతుంది. ఇది ఐటీఐ పుస్తకంలో ఉంది, పరీక్షలో బొమ్మ కూడా వేయిస్తారు. అయితే స్టార్‌లో మోటారు తిప్పే బలం కూడా మూడో వంతుకు పడిపోతుంది. బరువు మీదుండగా స్టార్ట్ చేస్తే అది లేవలేక మూలుగుతుంది. టైమరు తొందరగా మారితే కుదుపు వస్తుంది, ఆలస్యంగా మారితే వైండింగ్ వేడెక్కుతుంది. ఆ మూలుగును చెవితో విని ‘టైమరు రెండు సెకన్లు పెంచు’ అని చెప్పే సీనియర్ పక్కన ఒక్క నెల నిలబడితే, పుస్తకంలోని బొమ్మకు ప్రాణం వస్తుంది.

పడమటికి వెళ్తే, మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు, బోర్లు లోతు. రైతు నోట వినబడే మాట: ‘రెండు ఫేజుల మీద నడిచి మోటారు కాలిపోయింది’. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా తిరుగుతున్న మోటారు ఆగదు. మిగిలిన రెండింటి మీద ఎక్కువ కరెంటు లాగుతూ తిరిగి, వైండింగ్ మాడ్చుకుంటుంది. దాన్ని ఆపే ప్రివెంటర్ చిన్న పెట్టె. దాన్ని పెట్టుకోని రైతులు ఒకరైతే, పెట్టించుకుని కూడా ‘ఊరికే ట్రిప్ అవుతోంది’ అని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేయించుకున్న వాళ్లు మరికొందరు. ఆ పెట్టె ఎందుకు ట్రిప్ అవుతోందో వెతకడం నిజమైన పని. ఫ్యూజు దగ్గర లూజు కనెక్షనా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపరా, కేబుల్ జాయింట్‌లో నీరు చేరిందా అని మీటరు పట్టుకుని ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్లే ఓపిక కావాలి. వైరు కలిపేసి వంద రూపాయలు తీసుకుని వెళ్లిపోవడం సులువు. కుర్రాడు మొదటి ఏడాదిలో ఈ రెంటిలో ఏది చూస్తాడో, జీవితాంతం అదే చేస్తాడు. తొలి గురువు ఎవరన్నది ఇంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

తూర్పున సముద్రం ఒడ్డున, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర పని ఇంకో రకం. గుంటలో నీళ్లను చిలికే ఏరేటర్లు రాత్రిళ్లు ఆగకూడదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, పంట మొత్తం తేలిపోతుంది. అందుకని రైతు తొందరపెడతాడు, కుర్రాడు చీకట్లో, తడి గట్టు మీద, ఉప్పు గాలికి తుప్పు పట్టిన బోర్డు తెరుస్తాడు. కరెంటు పనిలో ఇంతకన్నా ప్రమాదమైన చోటు తక్కువ.

ఇక్కడే రక్షణ పరికరాల తేడా తెలియాలి. బోర్డులో ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అది పడిపోతుందిలే అన్న నమ్మకం ఊళ్లలో బలంగా ఉంది. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడటానికి పెట్టింది, మనిషిని కాపాడటానికి కాదు. ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు కాసేపు పారితే ప్రాణం మీదికి వస్తుంది. అది 16 ఆంపియర్లలో ఐదు వందల వంతు. ఆ ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూసి, తేడా వస్తే కన్ను మూసి తెరిచేలోగా లైను కోసేసేది ఆర్‌సీసీబీ. దేశంలో కరెంటు షాక్‌తో ఏటా పదివేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. గుంటల దగ్గర ఆర్‌సీసీబీ పెట్టి, మంచి ఎర్త్ తీసి, రైతును ఒప్పించగలిగిన ఎలక్ట్రీషియన్ ఏటా కొన్ని ఇళ్లను నిలబెడుతున్నట్టే.

జనరేటర్ సంగతి కూడా ఇలాంటిదే. లైను, జనరేటర్ రెండూ ఒకేసారి కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను బోర్డుకు కలిపితే, ఆ కరెంటు వెనక్కి లైనులోకి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా పెరుగుతుంది. లైన్ క్లియర్ తీసుకుని, కరెంటు లేదన్న భరోసాతో స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం ఆ గట్టు మీద బోర్డు బిగించిన కుర్రాడి చేతిలో ఉంటుంది. ఈ మాట ఒకసారి నిజమైన సబ్‌స్టేషన్ యార్డులో, సీనియర్ నోట విన్నవాడు చేంజోవర్ లేకుండా కనెక్షన్ ఇవ్వడు.

క్రమశిక్షణ విషయంలో మాత్రం పెద్ద ప్లాంట్లకు సాటి లేదు. నేలటూరు దగ్గర శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. అలాంటి చోట ఎవరూ తోచినట్టు ప్యానల్ తెరవరు. ముందు పని అనుమతి పత్రం రాయించుకోవాలి. బ్రేకర్ తీసి, తాళం వేసి, పేరున్న ట్యాగ్ కట్టాలి. కరెంటు లేదని మీటరుతో చూడాలి. ఆ మీటరు పనిచేస్తోందో లేదో, కరెంటున్న ఇంకో చోట పెట్టి మళ్లీ చూడాలి. ఎర్త్ చేశాకే చెయ్యి పెట్టాలి. మొదట్లో ఇదంతా సాగదీతలా అనిపిస్తుంది. ఆరు నెలల తరవాత చెయ్యి తనంతట తానే ఆ వరసలో కదులుతుంది. ఇంటి వైరింగ్‌లో టెస్టర్ పెట్టి లైటు వెలగలేదని నమ్మి చెయ్యి పెట్టే అలవాటును పోగొట్టడానికి ఇంతకన్నా గట్టి మందు లేదు.

ఎక్కడ చేరవచ్చు

30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందేనని నిబంధన. కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలుపుకుని మొత్తం బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా చేర్చుకోవాలి. కృష్ణపట్నం పోర్టు, దాని చుట్టూ ఉన్న థర్మల్ ప్లాంట్లు, నూనె శుద్ధి కర్మాగారాలు, నెల్లూరు రైసు మిల్లుల్లో పెద్దవి, చీమకుర్తి, ఒంగోలు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పెద్దవి, రొయ్యల శుద్ధి ప్లాంట్లు, ఆ మాటకొస్తే పెద్ద ఆసుపత్రులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఖాళీలు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో కనిపిస్తాయి. ఒప్పందం కూడా అందులోనే నమోదు కావాలి. నమోదు కాకుండా ‘ముందు పనిలోకి రా, కాగితాలు తరవాత చూద్దాం’ అంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు, కూలి పనే.

ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన చోటు ఆర్టీసీ. నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలం కాకుటూరులో సంస్థ జోనల్ స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీ ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలతో పాటు చిత్తూరు వైపు ఐటీఐ కుర్రాళ్లకూ అప్రెంటిస్ ఎంపిక ప్రకటనలు అక్కడి నుంచే వస్తుంటాయి. వాటిలో ఎలక్ట్రీషియన్ ట్రేడు ఉంటుంది. చేరే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. బస్సులో ఉండేది బ్యాటరీ కరెంటు, పెద్ద బస్సుల్లో చాలావాటికి 24 వోల్టులు. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, వైరింగ్ గుత్తి, ఇవీ అక్కడి పని. మంచి పనే, వాహన రంగంలో ఉండదలచినవాడికి బంగారం లాంటిది. ఫ్యాక్టరీ ప్యానళ్లు నేర్చుకుందామని వెళ్లినవాడికి మాత్రం నిరాశ తప్పదు.

రైల్వే మీద ఆశ ఇక్కడ పాతది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డు ఉన్న బిట్రగుంట నెల్లూరు జిల్లాలోదే కదా. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లకు రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉండవు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు. ఐటీఐలో కష్టపడి పైకొచ్చినవాడు పదిలో తక్కువ మార్కుల వల్ల వెనకబడటం చూస్తే బాధేస్తుంది, కానీ లెక్క అది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకు లెవల్-1, అంటే అన్నిటికన్నా కింది స్థాయి, నేరు నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తున్నారు. ఉద్యోగం ఖాయమని దీనర్థం కాదు. ఆ పోస్టులకూ పోటీ పరీక్ష రాయాలి.

ఏ సంస్థా అప్రెంటిస్‌కు ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. ఈ ఒక్క వాక్యాన్ని చేరే రోజునే మనసులో ఉంచుకోవాలి. పర్మనెంట్ చేస్తారేమోనని ఏడాదంతా అధికారుల చుట్టూ తిరిగినవాడు పనినీ, కాలాన్నీ రెంటినీ పోగొట్టుకుంటాడు.

చేరాక జరిగే అన్యాయాలు, చేరేవాళ్లు చేసే పొరపాట్లు

అప్రెంటిస్ అంటే తక్కువ జీతానికి దొరికిన హెల్పర్ అనుకునే యాజమాన్యాలు లేకపోలేదు. ఎలక్ట్రీషియన్‌గా రాసుకుని, గోడౌన్‌లో బస్తాలు లెక్క పెట్టించడం, టీలు తెప్పించడం జరుగుతోంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణలో ఉన్నవాడు. అందుకని కార్మిక చట్టాలు మామూలుగా వర్తించవు. అలాగని దిక్కులేనివాడు కాదు. ఫ్యాక్టరీలో భద్రత, ఆరోగ్యం, సౌకర్యాలకు సంబంధించిన నియమాలు వాడికీ వర్తిస్తాయి. పనిలో గాయపడితే నష్టపరిహారం యాజమాన్యమే చెల్లించాలి. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. సలహాదారు అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండే అధికారే కాదు, రాష్ట్రంలోనూ ఆ వ్యవస్థ ఉంది. ముందుగా చదివిన ఐటీఐలో ట్రైనింగ్ ఆఫీసర్‌కు చెప్పడం తేలికైన దారి. రోజూ చేసిన పనిని రికార్డు పుస్తకంలో రాసుకుని సూపర్‌వైజర్ సంతకం తీసుకుంటే, ఏం నేర్పారో, ఏం నేర్పలేదో ఆ పుస్తకమే చెబుతుంది. నెలాఖరున ఒకేసారి నింపేసే పుస్తకం ఎందుకూ పనికిరాదు.

కుర్రాళ్ల వైపు పొరపాట్లలో ఒకటి చాలా ఖరీదైనది. ఈ చట్టం కింద ఒకసారి అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు తమకు అర్హులు కారని రైల్వే వంటి సంస్థల ప్రకటనల్లో స్పష్టంగా ఉంటుంది. ఏదో ఒకటిలే అని ముందు దొరికిన చోట ఒప్పందం మీద సంతకం పెట్టి, మూడు నెలలకు రైల్వే ప్రకటన చూసి తలపట్టుకున్న సందర్భాలున్నాయి. రెండోది ట్రేడు పేరు. ప్రభుత్వం నిర్ణయించిన ‘డెసిగ్నేటెడ్’ ట్రేడులు వేరు, కంపెనీలు తమ అవసరానికి తయారుచేసుకున్న ‘ఆప్షనల్’ ట్రేడులు వేరు. రెంటిలోనూ పని నేర్చుకోవచ్చు. కానీ రేపు ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్ సర్టిఫికెట్ అడిగే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, కాగితం మీద ఆ ట్రేడు పేరే ఉండాలి. సంతకం పెట్టేటప్పుడు స్టైపెండ్ గడితో పాటు ఈ గడినీ వేలు పెట్టి చదవాలి.

అమ్మాయిల సంగతి. ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరే అమ్మాయిలు తక్కువ, చేరినవాళ్లలో అప్రెంటిస్‌షిప్ దాకా వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. స్తంభాలెక్కే పనే కరెంటు పని అన్న భావన దీనికి ఒక కారణం. ప్యానల్ వైరింగ్, రిలే టెస్టింగ్, కంట్రోల్ రూమ్, మోటారు వైండింగ్, ఇవన్నీ నిచ్చెన అవసరం లేని పనులు. వేళ్ల నేర్పు, ఓపిక కావాల్సిన పనులు. ఇంటికి దగ్గరలో, పగటి షిఫ్టు ఉన్న సంస్థల జాబితాను ఐటీఐలే తయారుచేసి తల్లిదండ్రుల ముందు పెడితే చాలా ఇళ్లలో మాట మారుతుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

ఏడాది పూర్తయ్యాక అఖిల భారత ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించే లోపు చేయాల్సిన పని వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు. కరెంటు ఇన్‌స్టలేషన్ పనులు లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారా, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో జరగాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. రాష్ట్రంలో ఈ పర్మిట్లు, లైసెన్సులు ఇచ్చేది విద్యుత్ తనిఖీ విభాగం వైపున్న లైసెన్సింగ్ బోర్డు. పర్మిట్‌తో మొదలుపెట్టి, అనుభవంతో సూపర్‌వైజర్ పత్రం, ఆ తరవాత సొంత కాంట్రాక్టర్ లైసెన్సు, ఇదీ మెట్ల వరస. మేస్త్రీల్లో ఎంతో పనిమంతులు కూడా అపార్ట్‌మెంట్ పనుల్లో వేరొకరి లైసెన్సు కింద కమీషన్ ఇచ్చుకుని పనిచేయడానికి కారణం ఈ మెట్లు ఎక్కే కాగితం లేకపోవడమే.

డిస్కమ్‌ల వైపు, అంటే కరెంటు పంపిణీ సంస్థల వైపు, చూసేవాళ్లకు, నెల్లూరు తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ పరిధి, ప్రకాశం 2019 చివర ఏర్పడిన సీపీడీసీఎల్ పరిధి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు ఐటీఐ ఎలక్ట్రికల్ అర్హతతో పాటు స్తంభం ఎక్కడం, మీటర్ రీడింగ్ చూడటం, సైకిల్ తొక్కడం పరీక్షించారు. మార్కులున్నా స్తంభం ఎక్కలేక వెనుదిరిగిన వాళ్లున్నారు. సాధన ముందు నుంచీ చేయాలి.

కొత్తగా తెరుచుకున్న తలుపు సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఇంటి కప్పు మీద 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. ఈ పని ఇంటి వైరింగ్ లాంటిదేనని మేస్త్రీలు దిగిపోతున్నారు. ప్యానళ్ల నుంచి వచ్చేది డీసీ. ఇంట్లో వచ్చే ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు పడి లేస్తుంది, అందుకే స్విచ్ తీసినప్పుడు పుట్టిన నిప్పు త్వరగా ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. లూజు కనెక్షన్ దగ్గర పుట్టిన నిప్పు మండుతూనే ఉంటుంది. పైగా ఎండ ఉన్నంతసేపూ ప్యానల్‌ను ఆపే స్విచ్ లేదు. డీసీకి తగిన ఐసొలేటర్ (లైను విడదీసే స్విచ్), సరైన కనెక్టర్లు, బిగింపు తెలిసిన కుర్రాళ్ల అవసరం ఈ వేడి జిల్లాల్లో చాలా ఉంది.

చిన్న షాపుల మాట

ఈ ఏర్పాటులో పెద్ద ఖాళీ ఒకటి మిగిలింది. 4 నుంచి 29 మంది పనిచేసే సంస్థలను చట్టం బలవంతపెట్టదు కానీ, ఇష్టమైతే అప్రెంటిస్‌ను చేర్చుకోవచ్చని చెబుతుంది. పొదిలిలో, కనిగిరిలో, ఆత్మకూరులో, కావలిలో ఉన్న మోటారు వైండింగ్ షాపుల్లో కొన్ని సరిగ్గా ఈ లెక్కలోకి వస్తాయి. మోటారు విప్పి, మాడిన చుట్ట చూసి ఇది ఫేజు పోవడం వల్ల కాలిందా, బేరింగ్ పట్టేయడం వల్ల కాలిందా, నీరు దిగడం వల్లా అని వాసనతో, రంగుతో చెప్పగల పెద్దవాళ్లు అక్కడున్నారు. ఆ చదువు ఏ ప్లాంటులోనూ దొరకదు. వాళ్ల దగ్గర కుర్రాళ్లు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు, కాకపోతే ఒప్పందం లేకుండా, ప్రమాదం జరిగితే అడిగే దిక్కు లేకుండా, చివరికి సర్టిఫికెట్ లేకుండా.

ఆ యజమానులు పోర్టల్‌లోకి రాకపోవడానికి కారణాలు పెద్దవేమీ కావు. ఆ ఫారాలు వాళ్లకు కొరుకుడు పడవు. రిజిస్టరైతే తనిఖీలకు వస్తారేమోనన్న భయం. కుర్రాడి స్టైపెండ్‌లో నెలకు 1,500 దాకా ప్రభుత్వమే వేస్తుందని ఎవరూ వెళ్లి చెప్పకపోవడం. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఐటీఐల నుంచి ఒక ఇన్‌స్ట్రక్టర్ ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకు రెండు గంటలిస్తే రిజిస్ట్రేషన్, ఒప్పందం అక్కడికక్కడే అయిపోతాయి. దానికి సమయం సంక్రాంతి తరవాత, ఫిబ్రవరి లోపు. మార్చి దాటి ఎండలు ముదిరితే కాలిన మోటార్లు షాపు ముందు వరస కడతాయి, యజమానికి తల ఎత్తే తీరిక ఉండదు.